18 మందితో క్రిస్మస్ మ్యూజికల్, థీమ్ ఏమో సమాధానం: యాడ మొదలుపెట్టాలి?

తమ్ముడూ వందనాలు. నువ్వు అడిగింది మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు రెండు ముక్కల్లో చెప్తా. సింగరాయకొండ పక్కన పల్లె, క్వైర్‌లో 18 మంది, 12 మంది ఆడవాళ్ళు ఆరుగురు మగవాళ్ళు, ఒక కీబోర్డు, తబలా, రిథమ్ ప్యాడ్. పాస్టర్ గారు ఈసారి వరసబెట్టి పాటలు పాడేసి కూర్చోవటం వద్దు, సమాధానం అనే అంశం మీద కథతో కలిపి మ్యూజికల్ లాగా చెయ్యండి అన్నారు. చేతిలో ఏడు వారాలు ఉండాయి. నీ ప్లాన్‌లో 14 పాటలు, 1914 యుద్ధం సీను, స్మోక్ మిషను, చివర్లో తెల్ల పావురం ఎగరెయ్యటం. ఇది నడుస్తుందా అన్నా అన్నావు.

నడవదు. నేను కావలిలో 22 ఏళ్ళుగా క్వైర్ చూస్తన్నా, ఇట్టాంటివి తొమ్మిదో పదో చేసుంటా, అందులో నాలుగు మాత్రమే బాగున్నాయని ఇప్పుడు ఒప్పుకోగలను. ఆ మిగతావి చెడిపోయింది పాడేవాళ్ళ వల్ల కాదు, నీ కాగితంలో ఉన్నట్టే అన్నీ కుక్కటం వల్ల.

14 పాటల్ని ఆరుకి తగ్గించు. మొత్తం 40 నిమిషాలు, అంతకు మించితే ముందు వరసలో చిన్నపిల్లలు నిద్రపోతారు, వెనక వరసలో పెద్దోళ్ళు ప్లేటు భోజనం సంగతి మాట్టాడతారు. ఆరంటే ఆరే, ఏడోది పాస్టర్ గారి అమ్మాయి పాడతానన్నా సరే, దానికి వేరే రోజు సెమీ క్రిస్మస్ ఉంది కదా.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. సమాధానం అన్న మాట చర్చిలో ఉన్నవాళ్ళకి వినీ వినీ అరిగిపోయింది, చర్చి బయట వాళ్ళకి ఆ మాటకి అర్థమే వేరు. మా వీధిలో ఎనిమిదో తరగతి పిల్లోడిని సమాధానం అంటే ఏందిరా అనడిగితే ప్రశ్న కింద రాసేది అన్నాడు. వాడు చెప్పింది కరెక్టే. పెద్దోళ్ళు మాత్రం ఇంకో అర్థంలో కూడా వాడతారు, ఇద్దరు కొట్టుకుని మళ్ళీ కలిస్తే సమాధానపడ్డారు అంటారు. లూకా 2:14లో దూతలు పాడింది భూమి మీద సమాధానం అని, యోహాను 14:27లో ప్రభువు శిష్యులకి ఇచ్చి వెళ్తానన్నది శాంతి అని మన బైబిల్లో ఉంది, కానీ గ్రీకులో రెండు చోట్లా ఉన్నది ఒకటే మాట. అంటే మనకి తెలుగులో ఒక మాటకి మూడు తలుపులు ఉండాయి, జవాబు, రాజీ, శాంతి. ఇంగ్లీషు స్క్రిప్టు తెచ్చి తర్జుమా చేసే వాళ్ళకి ఈ సౌకర్యం లేదు, నువ్వు వాడుకో. మొదటి పది నిమిషాలు అన్నీ ప్రశ్నలే పెట్టు, ఊళ్ళో జనం నిజంగా అడిగే ప్రశ్నలు. అప్పు ఎప్పుడు తీరుద్ది, అన్న ఎందుకు గట్టు జరిపాడు, కొడుకు బెంగళూరు నుంచి ఫోన్ ఎందుకు చెయ్యడు. ఏ ప్రశ్నకీ అక్కడికక్కడ సమాధానం చెప్పబాక. జనానికి కొంచెం కడుపులో దేవినట్టు ఉండాలి, అప్పుడే తర్వాత వచ్చే పాటకి విలువ.

నేను చూసిన ఈ థీమ్ ప్రోగ్రాముల్లో చాలావాటికి ఇదే రోగం. మొదటి నిమిషం నుంచీ శాంతే. తెల్ల గౌన్లు, కొవ్వొత్తులు, మెల్లగా కీబోర్డు, మొదట్లో ఎంత ప్రశాంతంగా ఉందో చివర్లో కూడా అంతే ఉంటుంది. గొడవ లేని చోట శాంతి ఎట్టా కనపడుద్ది? లూకా రాసింది చూడు, ఆయన కథ మొదలయ్యేదే కైసరు ఔగుస్తు ఆజ్ఞతో, అందరూ పేర్లు రాయించుకోవాలి అని. ఆ ఔగుస్తు రోమా చక్రవర్తి, మామూలోడు కాదు, రాజ్యానికి శాంతి తెచ్చినవాడని పేరు, క్రీస్తు పూర్వం 9లో రోమ్‌లో ఆయన తెచ్చిన శాంతి పేరు మీద పెద్ద బలిపీఠమే ప్రతిష్ఠించారు, ఇప్పటికీ రోమ్ పోతే చూడొచ్చు. ఆ శాంతి కత్తి కింద శాంతి. దాని కింద నలిగే వాళ్ళలో ఒక నిండు చూలాలు నజరేతు నుంచి బేత్లెహేముకి వంద కిలోమీటర్లకి పైన ప్రయాణం చేసింది, ఇంచుమించు ఒంగోలు నుంచి నెల్లూరు దాకా అనుకో. ఈ లెక్క మా దగ్గర చెప్తే ఒక ముసలామె "అయ్యో నా తల్లీ, టోల్ గేట్ కూడా దాటలేం మేం" అని గట్టిగా అనేసింది, చర్చంతా నవ్వింది. ఆ నవ్వు తర్వాత వచ్చిన పాట మాత్రం ఎవ్వరూ మాట్టాడకుండా విన్నారు.

ఇంకో రెండు చోట్లు చూడు, మనం ఎప్పుడూ దాటేసి పోతాం. యెషయా 9:6 సమాధానకర్తయగు అధిపతి అనేది ప్రతి క్రిస్మస్ కార్డు మీదా ఉంటది. దాని పైనున్న 5వ వచనం ఎవరూ వెయ్యరు, అందులో యుద్ధం చేసే వాళ్ళ జోళ్ళు, రక్తంలో పొర్లిన బట్టలు నిప్పుల్లో కాలిపోతాయని ఉంది. రెండోది లూకా 2:13, గొల్లలకి కనపడింది పరలోక సైన్య సమూహం. సైన్యం అయ్యా! మిలిటరీ దిగి సమాధానం అని పాట పాడింది. ఇది తల్లో పెట్టుకుంటే నీ మ్యూజికల్ సగం దానంతటదే తయారవుద్ది. జోళ్ళ చప్పుడుతో మొదలవ్వాలి, జోళ్ళు విప్పటంతో అయిపోవాలి.

సంగీతంలో దీన్ని ఎట్టా చూపించాలో చెప్తా, ఇది నేను నాలుగేళ్ళ కింద కనిపెట్టా అనుకున్నా, తర్వాత చూస్తే తెలిసిన వాళ్ళందరికీ తెలిసిందే. రోమా సైనికుల పాట నాలుగు దెబ్బల లెక్కలో పెట్టు, ఎడమ కుడి ఎడమ కుడి, ప్యాడ్ మీద బరువైన దెబ్బ, మగవాళ్ళు ఆరుగురూ చెక్క బల్ల మీద నిజంగానే కాళ్ళు కొట్టాలి. తర్వాత అదే ట్యూన్ తీసుకుని మరియమ్మ జోలపాటలో మూడు దెబ్బల నడకలోకి మార్చు, తిశ్రం. మూడు దెబ్బలకి కవాతు చెయ్యలేరు, కావాలంటే ఇంట్లో నడిచి చూడు, ఒకసారి ఎడమకాలు మీద బరువు పడుద్ది ఇంకోసారి కుడికాలు మీద, ఒళ్ళు ఊగుద్ది తప్ప కవాతు రాదు. ఉయ్యాల ఊపటానికి మాత్రం అదే సరైన లెక్క. సైనికులుగా నిలబడ్డ ఆ ఆరుగురు మగవాళ్ళు అదే ట్యూన్ మళ్ళీ విని కాళ్ళు కొట్టబోయి లెక్క కుదరక ఆగిపోవాలి. అంతే, డైలాగు అక్కర్లా. మేము చేసినప్పుడు మా వాళ్ళలో ఒకాయన నిజంగానే తడబడి పడబోయాడు, అది యాక్టింగ్ అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

జోలకి రాగం అడిగావు. నీలాంబరి గానీ ఆనందభైరవి గానీ మన ఇళ్ళల్లో జోలపాటలకి ఎప్పటి నుంచో ఉన్నవే, చెవికి పరాయిగా ఉండవు. నువ్వు మోహనలో కట్టుకున్నా అన్నావు, అది కూడా బానే ఉంటది, కానీ ఒక జాగ్రత్త. కీబోర్డు అబ్బాయి యూట్యూబ్‌లో చూసి ఆల్టో, అంటే ఆడవాళ్ళ కింది గొంతు, పెడదాం అని ట్యూన్ కింద మూడో స్వరం వరసగా పేర్చుకుంటూ పోతాడు. మోహనలో ఉండేవి ఐదు స్వరాలే, మధ్యమం నిషాదం లేవు, అట్టా పేర్చుకుంటూ పోతే ఎక్కడో ఒక చోట నిషాదం వచ్చి కూర్చుంటది, రాగం పోయి సినిమా సెంటిమెంట్ సీను వస్తది. అందుకే ఆల్టో వద్దు, నలుగురు ఆడవాళ్ళని కింద సా-పా పట్టుకుని తంబూరా లాగా నిలబెట్టు. 18 మందితో నాలుగు పార్టులు చెయ్యాలని చూడబాక, పార్టుకి నలుగురు ఉంటారు, అందులో ఇద్దరు రారు, మిగిలిన ఇద్దరిలో ఒకళ్ళకి జలుబు. పాట ఆఖరి లైన్లో మాత్రం రెండు పార్టులు చాలు.

శ్రుతి సంగతి. అందరూ కలిసి పాడేటప్పుడు ట్యూన్ కింద ఎ నుంచి పైన డి వరకు ఉండేట్టు చూసుకో, మగవాళ్ళు ఒక స్థాయి కింద పాడతారు. నీకు మంచి గొంతు కదా అని నీ శ్రుతిలో పెట్టుకుంటే ఆడవాళ్ళు పైకి పోలేక కింద గొణుగుతారు.

ఎత్తు పల్లాల గురించి ఇంకోటి, ఇది నేను హాండెల్ అనే పాశ్చాత్య సంగీతకారుడి దగ్గర, అంటే ఆయన రాసింది విని, నేర్చుకున్నా. ఆయన 1741లో రాసిన మెస్సయలో దూతల పాట ఉంది, దేవునికి మహిమ అన్న చోట ఆడవాళ్ళ గొంతులు, టెనార్ అంటే మగవాళ్ళ పై గొంతు, అంతా పైన మెరుపులాగా ఉంటాయి, భూమి మీద సమాధానం అనేసరికి మగవాళ్ళు మాత్రమే, అందరూ ఒకటే స్వరం మీద కిందకి దిగిపోతారు. మహిమ పైన, సమాధానం నేల మీద. మనవాళ్ళు దీనికి పూర్తి రివర్సు, సమాధానం అన్న మాట రాగానే గొంతు చించుకుంటారు, ప్యాడ్ వాడు రోల్ వేస్తాడు. ఆ మాట దగ్గర ప్యాడ్ ఆపించు, కీబోర్డు కూడా ఆపించు, ఆరుగురు మగవాళ్ళు కింద స్థాయిలో మామూలుగా మాట్టాడినట్టు పాడాలి.

ఇప్పుడు నీ 1914 సీను. సంగతి నిజమే, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ డిసెంబర్ 24 రాత్రి బెల్జియం, ఫ్రాన్స్ వైపు కందకాల్లో జర్మన్ సైనికులు కొవ్వొత్తులు వెలిగించి సైలెంట్ నైట్ పాడారు, అవతల బ్రిటిష్ వాళ్ళూ అందుకున్నారు, చాలా చోట్ల తెల్లారి మధ్యలోకి వచ్చి చేతులు కలిపారు, చనిపోయిన వాళ్ళని పూడ్చుకున్నారు. అన్ని చోట్లా జరగలా, తర్వాత మళ్ళీ కాల్చుకున్నారు కూడా. 1818లో ఆస్ట్రియాలో ఒక పల్లె చర్చిలో గిటార్ మీద మొదటిసారి పాడిన పాట అది, దాని నడక కూడా ఊగే లెక్కే చూడు, కవాతుకి పనికిరాదు. కథ గొప్పదే, కానీ మీ ఊళ్ళో ఆ కందకం ఏంది, ఆ టోపీ ఏంది అని చెప్పటానికే పావుగంట పోద్ది, తర్వాత కార్డుబోర్డు తుపాకులు పట్టుకున్న యూత్ నవ్వటం మొదలుపెడతారు. దాని బదులు మన కందకం పెట్టు. అన్నదమ్ములు, మధ్యలో గట్టు, పొలానికి నీళ్ళు కట్టే వంతు. అది మీ ఊళ్ళో ఎవరికీ చెప్పి అర్థం చేయించక్కర్లేదు. కాకపోతే నిజంగా తగాదాలో ఉన్న కుటుంబాన్ని గుర్తుపట్టేట్టు రాయబాక, అది మాకు ఒకసారి అయింది, మనిషి మధ్యలో లేచి వెళ్ళిపోయాడు, ఆ తప్పు పూర్తిగా నాదే.

కథ చెప్పటానికి వ్యాఖ్యాత అన్నావు. తెల్ల చొక్కా వేసుకుని కాగితం చూసి చదివే వ్యాఖ్యాత ఎందుకబ్బా, మనకి బుర్రకథ ఉంది. మధ్యలో కథకుడు, ఒక పక్క హాస్యం వంత, ఇంకో పక్క రాజకీయం వంత. రాజకీయం వంత కైసరు సంగతి, బేత్లెహేములో పసిపిల్లల్ని చంపించిన రాజు హేరోదు సంగతి చెప్తాడు, హాస్యం వంత మీ ఊరి సంగతి లాగుతాడు, "అయితే ఆధార్ కార్డు అప్పుడే ఉందన్నమాట" అంటాడు పేర్లు రాయించుకోవటం దగ్గర. సీనుకీ సీనుకీ మధ్య బట్టలు మార్చుకునే టైము కూడా దొరుకుద్ది. మీ ఊళ్ళో గుమ్మెట కొట్టేవాళ్ళు లేకపోతే తబలాతో సరిపెట్టు.

హేరోదుని పెట్టాలా వద్దా, పండగ పూట పిల్లల చావు ఏంది అని సంఘ పెద్దలు అంటున్నారని రాశావు. పెట్టాలి. రెండు నిమిషాలు చాలు, కత్తులు రక్తం వద్దు, లైట్లు తగ్గించి ఒక పెద్దామెతో వెనక నుంచి ఒక్క ఏడుపు రాగం తీయించు, మత్తయి రాసిన, పిల్లలు పోయిన తల్లి రాహేలు ఏడుపు. తర్వాత యోసేపు బిడ్డనెత్తుకుని రాత్రికి రాత్రి ఐగుప్తుకి బయలుదేరటం. అది తీసేస్తే మిగిలేది కేకు మీద క్రీము. పెద్దలకి వచనం చూపించి అడుగు, కాదనలేరు, మా దగ్గర మొదట కాదన్న ఆయనే తర్వాత ఆ సీన్లో కర్ర పట్టుకుని కాపలావాడుగా నిలబడ్డాడు.

ఏడు వారాలు ఎట్టా పంచుకోవాలో చూడు. నవంబర్ అంటే మన దగ్గర వానలు, తుపాన్లు, పొగాకు నాట్లు, అటు నెల్లూరు వైపు వరి నాట్లు, మీ క్వైర్లో కూలికి పోయే ఆడవాళ్ళు ఉంటే రాత్రి ఎనిమిదికి గానీ రారు, వచ్చినా నడుం పట్టేసి ఉంటది. వాళ్ళని రెండు గంటలు నిలబెట్టబాక, 45 నిమిషాలు, కూర్చోబెట్టి, టీ ఇచ్చి. 2023లో డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గుర్తుందా, ఆ వారం మాకు ఒక్క ప్రాక్టీసు లేదు, అప్పటి నుంచి మా రూలు ఏందంటే పాటలన్నీ నవంబర్ 30కి కంఠతా వచ్చెయ్యాలి, డిసెంబర్లో నేర్చుకునేది ఏమీ ఉండకూడదు. ఒక్కో పార్టు విడివిడిగా ఫోన్లో నెమ్మదిగా పాడి వాయిస్ మెసేజ్ పెట్టు, పొలంలో వింటారు. డిసెంబర్ మొదలైతే కేరల్స్ రౌండ్లు ఉంటాయి, రాత్రి ఒంటిగంట దాకా మంచులో వీధులన్నీ అరిచి వస్తారు, తెల్లారి ఎవరికీ గొంతు ఉండదు. అందుకని ప్రోగ్రామ్ 24 రాత్రి పెట్టబాక, పండగ ముందు ఆదివారం సాయంత్రం పెట్టు, దానికి ముందు మూడు రోజులు నీ 18 మందికి కేరల్స్ సెలవు అని పాస్టర్ గారితో ముందే చెప్పించు.

మైకుల దగ్గర డబ్బు తగలెయ్యబాక. 18 మందికి నాలుగు మైకులు, అర్ధచంద్రాకారంలో నిలబెట్టి, స్పీకర్లు మైకుల కంటే ముందుకు జరిపితే ఊళ పెట్టదు. కీబోర్డుకి చిన్న యూపీఎస్ పెట్టుకో. కరెంటు పోయినప్పుడు జనమంతా కలిసి పాడి అద్భుతం జరిగింది అని చాలామంది సాక్ష్యం చెప్తారు, మాకు పోయినప్పుడు అద్భుతం ఏం జరగలా, శ్రుతి రెండు మెట్లు దిగిపోయింది, కరెంటు వచ్చాక కీబోర్డు ఒక దారి మేం ఒక దారి. లైవ్ పెట్టేట్టయితే డౌన్‌లోడ్ చేసిన కరోకే ట్రాక్ వాడబాక, యూట్యూబ్ వాడు మధ్యలో ఆపేసే అవకాశం ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకంలో పాతవి, పురుషోత్తమ చౌదరి గారి లాంటి వాళ్ళవి తీసుకుంటే సాహిత్యానికి ఎవరి పర్మిషనూ అక్కర్లా, ఆయన పోయి వందేళ్ళు దాటింది, మన చట్టంలో రాసినాయన పోయాక 60 ఏళ్ళే. కానీ ఎవరో ఈ మధ్య చేసిన ఆడియో వేస్తే అది వాళ్ళది. ఆ పుస్తకంలో ప్రతి కీర్తన పైన రాగం తాళం వేసుంటది, అది చదివి ఎన్నుకో, ఇప్పుడు ఎవరూ చదవట్లా.

ఊరి సంగతి ఒకటి. మీ ఊళ్ళో ఇంకో చర్చి ఉందని రాశావు, వాళ్ళ స్పీకరు మీ వైపు మీ స్పీకరు వాళ్ళ వైపు. డిసెంబర్ 16 నుంచి ధనుర్మాసం కూడా, గుళ్ళో తెల్లారుజామున తిరుప్పావై, సాయంత్రం అయ్యప్ప స్వాముల భజన. సమాధానం అని బోర్డు కట్టి అందరి మీదకీ స్పీకరు తిప్పితే ఎవడన్నా నవ్వుతాడు. డేటు అనుకోక ముందే అవతల పాస్టర్ గారినీ గుడి కమిటీ వాళ్ళనీ కలిసి టైము సర్దుకోండి, మొదటి వరస కుర్చీలకి పిలవండి. రాత్రి పదికల్లా మైకు ఆపెయ్యండి, రూలూ అదే.

ఇక నువ్వు చివర్లో చిన్నగా రాసింది, జోలపాట సోలో ఇద్దరు అడుగుతున్నారు, ఒకరికిస్తే ఇంకొకరు మానేస్తామంటున్నారు అని. అసలు సమస్య ఇదేనని నాకు తెలుసులే. మా క్వైర్లో ఇద్దరు అక్కలు ఇట్నే ఒక డిసెంబర్ అంతా మాట్టాడుకోలా, ఈ చివర ఒకరు ఆ చివర ఒకరు నిలబడి సమాధానం అని పాడారు, వింటుంటే నాకే సిగ్గేసింది, ఒకరిని మించి ఒకరు గొంతు పెంచుకుంటూ పోయారు. తర్వాతి సంవత్సరం జోలపాటని లైను లైనుగా ఇద్దరికీ పంచా, కానీ ఒక మెలిక పెట్టా, మొదటి ఆమె లైను ఆఖరి స్వరం పట్టుకుని ఉండగానే రెండో ఆమె అందుకోవాలి. ఒకరు ఊపిరి ఎప్పుడు తీసుకుంటారో ఇంకొకరు చూసుకోకపోతే పాట తెగిపోద్ది. మొదటి వారం తెగింది, రెండో వారం తెగింది, మూడో వారం ఎందుకో పక్కపక్కన నిలబడ్డారు, నేను చెప్పలా. ఇప్పటికీ ఇంటికెళ్ళి కాఫీ తాగేంత లేదు వాళ్ళ మధ్య. ఆ పాట మాత్రం అంత బాగా మా దగ్గర ఇంకెవరూ పాడరు. నువ్వూ అట్టా పంచి చూడు.

స్మోక్ మిషను వద్దు, దగ్గు వస్తది, పాడేవాళ్ళకే ముందు వస్తది. పావురం కూడా వద్దు. మేము ఒక సంవత్సరం తెప్పించాం, ఫ్యాన్లు ఆపి వదిలితే అది నేరుగా పోయి ట్యూబ్‌లైట్ మీద కూర్చుంది, పాస్టర్ గారు ప్రసంగం అయిపోయిందాకా దిగలా, జనం ఒక్కరు కూడా వాక్యం వినలా, అందరూ పైకే చూస్తా కూర్చున్నారు, కింద ఎవరి నెత్తిన ఏం పడుద్దో అని. అడ్వాన్సు ఇచ్చుంటే వెనక్కి తీసుకో.